పరేలు బంగళాలో ఒక పూట

బొంబాయిలో పుట్టి పెరిగిన తెలుగువారికి పరేలు అంటే మిల్లుల పేటే. మన తాతముత్తాతలు పాలమూరు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతాలనుండి బతుకుతెరువుకని వచ్చి, కొందరు రాళ్లెత్తే పనిలోను, కొందరు మగ్గాల మీదను కుదిరి, వర్లీ, లోయర్ పరేలు చాళ్లలో కాపురాలు పెట్టారు. 1982లో జరిగిన పెద్ద సమ్మె తరువాత ఆ మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. పొగగొట్టాలు నిలిచిన చోట ఇప్పుడు అద్దాల మేడలు నిలిచినవి. ఊరి పేరు కూడా ముంబయి అయింది. మన ఇళ్లలో మాత్రం ఇంకా బొంబాయే.

అయితే పరేలుకు మరొక ముఖం ఉన్నది. స్టేషనులో దిగి తూర్పుగా నడిస్తే వరుసగా ఆస్పత్రులు వస్తవి. కె.ఇ.ఎం. ఆస్పత్రి, పిల్లల వాడియా ఆస్పత్రి, క్యాన్సరుకు టాటా ఆస్పత్రి. జ్వరమొచ్చినా, కాన్పు వచ్చినా, కాలు విరిగినా మిల్లు జనం పరుగెత్తినది ఇక్కడికే. ఆ ఆస్పత్రుల నడుమనే, ఆచార్య దోందే మార్గం మీద, చెట్లు ముసిరిన పెద్ద ఆవరణలో హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూటు ఉన్నది. దాని గోడ పక్కగా మనం వందలసార్లు నడిచి ఉంటాము. పాముకాటు మందుకు, పిచ్చికుక్క కాటు మందుకు పేరుపడిన చోటని చాలామందికి తెలుసు. కాని హాఫ్కిన్ ఎవరు, ఆ పేరు అక్కడికి ఎట్లా వచ్చినది అంటే చెప్పగలవారు తక్కువ.

పోయిన చలికాలంలో మా సంఘంవారము పద్నాలుగుమందిమి ముందుగా అనుమతి తీసుకొని ఆ ఆవరణలోకి వెళ్లాము. మాలో ఆఫీసు గుమాస్తాలము ఉన్నాము, రిటైరయిన మిల్లు మేస్త్రీ ఒకరున్నారు, ఒక పంతులమ్మగారు ఉన్నారు, నర్సు చదువు రెండవ సంవత్సరంలో ఉన్న మా చెల్లెలి కూతురొకతె ఉన్నది. చూచినదీ, తెలిసికొన్నదీ మన పత్రిక పాఠకులతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు బంగళా సంగతి. ఇది ఆస్పత్రి కోసం కట్టినది కాదు. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ పోర్చుగీసు క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. తరువాత ఆంగ్లేయుల చేతికి వచ్చి బొంబాయి గవర్నర్ల నివాసమయింది. విందులు, నాట్యాలు జరిగిన పెద్ద హాలు, వెడల్పయిన వరండాలు, ఎత్తయిన కిటికీలు ఆ దర్జాను ఇప్పటికీ చెబుతున్నవి. 1880ల తొలినాళ్లలో గవర్నరు ఫెర్గూసన్ గారి భార్య ఈ ఇంటిలోనే కలరా సోకి మరణించినది. అటుపిమ్మట గవర్నర్లు ఇక్కడినుండి మకాం ఎత్తి మలబారు కొండ కొసకు చేరారు. కలరాకు వెరచి దొరలు విడిచిన ఈ ఇంటిలోకి, 1899 ఆగస్టులో, కలరాకు టీకా కనిపెట్టిన మనిషి తన సీసాలతో, సూక్ష్మదర్శినులతో వచ్చి కూర్చున్నాడు. ఆయనే వాల్డెమార్ హాఫ్కిన్.

హాఫ్కిన్ 1860 మార్చి 15న ఒడెస్సా పట్టణంలో, యూదు కుటుంబంలో పుట్టాడు. ఒడెస్సా అప్పుడు రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నది. ఆ రోజులలో రష్యాలో యూదుల వాడలమీద గుంపులుగా వచ్చి పడి, ఇళ్లు దోచి, మనుషులను కొట్టడం మాటిమాటికీ జరుగుతూ ఉండేది. కాలేజీ కుర్రవాడుగా ఉన్న హాఫ్కిన్ తోటి యూదుల ఇంటిని కాపాడబోయి గాయపడ్డాడు. పట్టుబడి కొంతకాలం నిర్బంధంలో కూడా ఉన్నాడు. గురువు మెచ్నికోవ్ పూనుకొని విడిపించాడు. చదువులో అందరికంటె ముందున్నా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం కావాలంటే మతం మార్చుకొమ్మన్నారు. ఆయన మారలేదు. ఉద్యోగమూ రాలేదు.

1888లో దేశం విడిచి జెనీవా వెళ్లాడు. మరుసటి ఏడు పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరాడు. అక్కడ ఖాళీగా ఉన్నది పుస్తకాలయంలో సహాయకుడి ఉద్యోగమొక్కటే. పగలు పుస్తకాలు అందిస్తూ, మిగిలిన వేళల్లో ప్రయోగాలు చేస్తూ, కలరాకు టీకా తయారు చేశాడు. 1892 జూలై 18న దానిని మొట్టమొదట తన ఒంటిలోకే ఎక్కించుకొన్నాడు. జ్వరం వచ్చినది, తగ్గినది. మనిషికి హాని లేదని తేలిన పిమ్మట, కలరా ఎక్కడ ఎక్కువో అక్కడికే పోవాలని 1893 మార్చిలో కలకత్తాలో దిగాడు.

కలకత్తాలో ఆయన బస్తీల వెంట తిరిగాడు. కట్టల్‌బగాన్ అనే బస్తీలో మొదట జనం ఒప్పుకోలేదు. రాళ్లు రువ్వినవారు కూడా ఉన్నారు. తన వెంట ఉన్న వైద్యుడొకరు అందరి ఎదుట టీకా వేయించుకొనగా చూచి, జనం ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. హాఫ్కిన్ గారి పద్ధతి ఎప్పుడూ ఇదే. బలవంతం కూడదు, ముందు మనం వేయించుకోవాలి, లెక్క రాసి ఉంచాలి. ఎవరికి వేశారు, ఎవరికి వేయలేదు, తరువాత ఎవరికి జబ్బు వచ్చినది అని ఇంటింటి లెక్క. గుమాస్తాపని చేసేవారికి ఆ పుస్తకాల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇక బొంబాయి. 1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో వియేగాస్ అనే గోవా డాక్టరుగారు మొదటిసారిగా ప్లేగును గుర్తుపట్టారు. ఎలుకలు రాలినవి, మనుషులు రాలారు. ఎనిమిది లక్షల పైచిలుకు ఉన్న నగరంలో దాదాపు సగం జనం కొన్ని నెలలలో ఊరు విడిచి పోయారు. మిల్లులు కూలీలు లేక కునారిల్లినవి. దొరతనంవారు సిపాయిలను పంపి ఇల్లిల్లూ వెదికించారు. జబ్బు మనిషిని, వాని ఇంటివారిని వేర్వేరు శిబిరాలకు తరలించారు. జనానికి ప్లేగు కంటె ఈ సోదాలంటేనే ఎక్కువ భయం పుట్టినది. పూనాలో ప్లేగు అధికారి రాండ్ హత్య జరిగినది 1897 జూన్‌లోనే.

అటువంటి రోజులలో హాఫ్కిన్‌ను బొంబాయికి పిలిపించారు. ఆయనకు ఇచ్చినది గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, దాని ముందు నడవ. సిబ్బంది ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు! ఇది విన్నప్పుడు మాలోని గుమాస్తాలము ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. ఆ గుమాస్తా పేరు చరిత్రకెక్కలేదు. కాని ఆ మూడు నెలలలో ఎన్ని రాత్రులు దీపం ముందు కూర్చున్నాడో ఊహించగలము.

ప్లేగు టీకా తయారీలో మన ఇళ్లలోని వస్తువొకటి ఉన్నదంటే పాఠకులు ఆశ్చర్యపడతారు. ఆయన మేకమాంసపు రసంలో ప్లేగు క్రిములను పెంచేవాడు. హిందువులకు, ముస్లిములకు ఇద్దరికీ అభ్యంతరం ఉండరాదని మేకమాంసం ఎంచుకొన్నాడు. ఆ రసం మీద కొంచెం నెయ్యి వేసేవాడు. తేలిన నెయ్యి బొట్లను పట్టుకొని క్రిములు సన్నని పోగుల్లాగా కిందికి వేలాడుతూ పెరిగేవి. అవి బాగా పెరిగిన తరువాత వేడిచేసి క్రిములను చంపి, ఆ చచ్చిన క్రిముల రసమే టీకాగా వేసేవారు.

1897 జనవరి 10న ఆ టీకాను కూడా మొదట తనకే వేయించుకొన్నాడు. ఆ నెలాఖరుకు బైకుల్లా జైలులో ఇష్టపడి ముందుకు వచ్చిన ఖైదీలకు వేశారు. వేయించుకొన్నవారిలో జబ్బు తగ్గినది. ఖోజా సమాజానికి పెద్ద అయిన ఆగాఖాన్ తాను వేయించుకొని, తనవారు వేలమందికి చెప్పి వేయించాడు. ప్రయోగశాలకని తన భవనమొకటి విడిచి ఇచ్చాడు. ప్రభుత్వం సిపాయిల చేత చేయించలేని పనిని, ఒక యూదు శాస్త్రవేత్త మాటమీద నమ్మకంతో ఒక ముస్లిము పెద్ద చేయించగలిగాడు. రెండేళ్లకు పని పెరిగి చోటు చాలక, ప్రభుత్వం ఈ పరేలు బంగళాను ఇచ్చినది.

ఇక్కడ కథ ఆగితే ఇది పాఠ్యపుస్తకంలో పాఠమయ్యేది. కాని మేము ఈ వ్యాసం వ్రాయడానికి కారణం దీని తరువాతి సంగతి.

1902లో పంజాబు అంతటా ప్లేగు చెలరేగి లక్షల మోతాదుల టీకా కావలసి వచ్చినది. పరేలులో రాత్రింబగళ్లు సీసాలు నింపారు. త్వరగా తయారు కావడానికి హాఫ్కిన్ పాత పద్ధతిలోని కార్బాలిక్ ఆసిడ్ కలపడం మాని, వేడితోనే శుద్ధి చేసే పద్ధతి తెచ్చాడు. ఆ ఏడు అక్టోబరు 30న ముల్కోవాల్ అనే ఊరిలో నూట ఏడుగురికి టీకాలు వేశారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నది. వేయించుకొన్నవారిలో పందొమ్మిదిమందికి ధనుర్వాతం వచ్చి, పందొమ్మిదిమందీ చనిపోయారు. ఆ పందొమ్మిదిమందికీ మందు ఇచ్చినది ఒకే సీసానుండి. మిగిలిన సీసాలనుండి వేయించుకొన్నవారికి ఏమీ కాలేదు.

పందొమ్మిది ప్రాణాలు పోవడం సామాన్యమా? కాదు. విచారణ జరగవలసినదే. కమిషను వేశారు. సీసా ముల్కోవాల్‌లో తెరవకముందే చెడినదని, అనగా తప్పు పరేలులోనే జరిగినదని, కార్బాలిక్ ఆసిడ్ మానడం పెద్ద పొరపాటని ఆ కమిషను తేల్చినది. హాఫ్కిన్‌ను డైరెక్టరు పదవినుండి తప్పించారు. ఆయన లండన్ చేరి, తన పేరు తుడుచుకోవడానికి కాగితాలు పట్టుకొని తిరిగాడు.

అయితే ఆ విచారణలోనే మరొక సాక్ష్యం ఉన్నది. ముల్కోవాల్‌లో ఆ సీసా మూత తీసే పట్టకారు సహాయకుడి చేతినుండి జారి నేలమీద పడినది. దానిని మంటలో కాల్చి శుద్ధి చేయకుండా మందునీళ్లలో జాడించి, దానితోనే మూత తీశారు. ధనుర్వాతపు క్రిమి ఉండేది మట్టిలోనే గదా! పైగా ఆ సీసా నింపి అప్పటికి ఆరు వారాలవుతున్నది. ధనుర్వాతపు క్రిమి పరేలులోనే పడి ఉంటే ఆ ఆరు వారాలలో పెరిగి, మూత తీయగానే దుర్వాసన కొట్టి ఉండవలెను. తీసిన డాక్టరుకు ఏ వాసనా తెలియలేదు.

బంగళా వరండాలో నిలబడి ఈ సంగతి చెప్పుకొంటూ ఉండగా నర్సు చదువుతున్న మా అమ్మాయి అడిగినది: “అయితే పెదనాన్నా, కింద పడిన పట్టకారు సంగతి వాళ్లకు తెలిసే ఆయనమీద వేశారా?”

“తెలిసే,” అన్నారు పంతులమ్మగారు. “కాగితం మీద ఉన్నదే.”

“మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు, కింద పడినది మళ్లీ ముట్టుకోవద్దని. ఆయన యూదుడనే అట్లా చేశారా?”

దీనికి నిజాయితీగా జవాబు చెప్పవలెను. యూదుడు కాబట్టి శిక్షించాము అని ఏ ప్రభుత్వమూ కాగితం మీద వ్రాయదు. ఆయన చేత పద్ధతి మార్చిన మాట వాస్తవం. దానిమీద శాస్త్రజ్ఞులు వాదించుకోవడమూ సహజమే. కాని హాఫ్కిన్ చుట్టూ ముందునుండీ ఉన్న గాలి ఎటువంటిదో కూడా చూడాలి. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసు దొర కాదు. అసలు డాక్టరు పట్టా ఉన్నవాడే కాదు, జంతుశాస్త్రం చదివినవాడు. రష్యా దేశస్థుడు, రష్యా గూఢచారి అని గుసగుసలు పోయినవారున్నారు. వీటన్నిటి మీదా యూదుడు. ఆ రోజులలోనే ఫ్రాన్సులో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని దొంగ కాగితాల ఆధారంతో దేశద్రోహి అని 1894లో శిక్షించారు. నిర్దోషి అని తేల్చడానికి 1906 దాకా పట్టినది. హాఫ్కిన్ సంగతిని చిన్న డ్రైఫస్ వ్యవహారమని తరువాతివారు పిలవడం ఊరికే కాదు.

ఆఫీసులలో పనిచేసేవారికి ఇది తెలియని విద్య కాదు. ఫైలులో తప్పు బయటపడినప్పుడు పై నుండి కింది దాకా చూపు వెదికేది ఎవరిని? తమలోని వానిని కాదు. కొత్తగా వచ్చినవాడు, వేరే భాషవాడు, వేరే దేవుని మొక్కేవాడు, అండ లేనివాడు ఎవడా అని. అటువంటివాడు దొరికితే మిగిలిన కాగితాలు చదవడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ద్వేషం అనగానే తిట్లు, రాళ్లు అనుకొంటాము. ఆఫీసులోను, ఆస్పత్రిలోను అది చాలాసార్లు ఒక సాక్ష్యాన్ని చదవకుండా పక్కన పెట్టడంలోనే ఉంటుంది.

హాఫ్కిన్‌ను కాపాడినది ఎవరు? తోటివారే. 1906 చివర విచారణ కాగితాలు అచ్చయి బయటికి వచ్చినవి. వాటిని ఓపికగా చదివినవారిలో రోనాల్డ్ రాస్ ఒకరు. ఈ పేరు తెలుగువారికి కొత్త కాదు. మలేరియా క్రిమి దోమలో ఉన్నదని 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో కనిపెట్టినది ఆయనే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉన్నది. 1902లో నోబెల్ బహుమతి పొందినవాడు. అంతటివాడు తన పని చూచుకొంటూ ఊరుకొనవచ్చును. కాని ఆయన పత్రికలలో వరుసగా లేఖలు వ్రాసి, పట్టకారు సంగతి, వాసన సంగతి, మిగతా సీసాల సంగతి విడమర్చి చెప్పాడు. 1907 జూలై 29న లండన్ టైమ్స్ పత్రికలో పదిమంది పేరుమోసిన శాస్త్రజ్ఞులు సంతకాలు చేసిన లేఖ అచ్చయింది. హాఫ్కిన్ మీద మోపిన నేరం రుజువు కాకపోవడమే కాదు, తప్పని స్పష్టంగా తేలినదని అందులో వ్రాశారు. ఆ ఏడాది ముగిసేలోగా ప్రభుత్వం దిగి వచ్చినది.

కాని దిగి రావడం వేరు, పోయినది ఇవ్వడం వేరు. ఆయనకు మళ్లీ పరేలు ఇవ్వలేదు. కలకత్తాలో ఉద్యోగమిచ్చి, జనం మధ్య టీకాల పరీక్షలు చేయనీయక, గదిలో పరిశోధనకే పరిమితం చేశారు. 1914లో ఉద్యోగం చాలించుకొని యూరపుకు పోయాడు. చివరి సంవత్సరాలలో తన మతాచారాలకు మరింత దగ్గరై, తన సొమ్మును యూదు పాఠశాలలకు వ్రాసి ఇచ్చి, 1930 అక్టోబరులో స్విట్జర్లండులోని లోసాన్‌లో కన్నుమూశాడు. పరేలు సంస్థకు ఆయన పేరు పెట్టినది 1925లో. 1932లో సాహిబ్‌సింగ్ సోఖే గారు ఈ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరయ్యారు. స్వతంత్ర భారత ప్రభుత్వం 1964లో హాఫ్కిన్ బొమ్మతో తపాలా బిళ్ల వేసినది.

బంగళా లోపలి మ్యూజియం చూచి బయటికి వచ్చి చెట్టు కింద కూర్చుని డబ్బాలు విప్పాము. తింటూ కూడా మాటలు ఈ సంతకాల మీదనే సాగినవి. సంతకం రెండు వైపులా పనిచేస్తుంది గదా అన్నారు మేస్త్రీగారు. వారి మాట నిజమే.

1934 జూన్‌లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో నోత్ర్ దామ్ ఆస్పత్రిలో శామ్యూల్ రాబినోవిచ్ అనే యువ డాక్టరును హౌసు సర్జనుగా తీసుకొన్నారు. తన తరగతిలో మొదటివాడు. యూదుడన్న ఒక్క కారణం చేత తోటి యువ డాక్టర్లు అతనితో పనిచేయబోమని సమ్మె కట్టారు. రోగులను వార్డులలో విడిచిపెట్టి బయటికి నడిచారు. సమ్మె ఇతర ఆస్పత్రులకూ ప్రాకినది. నాలుగవ నాటికి, రోగుల ప్రాణాలకు ముప్పు రారాదని ఆ యువకుడే రాజీనామా ఇచ్చాడు. ఆ నాలుగు రోజులలో నిజంగా డాక్టరులాగా ఆలోచించినవాడు వెళ్లగొట్టబడినవాడే! అదే సంవత్సరం ఆ నగరంలో యూదులు తమ ఆస్పత్రిని తెరిచారు. అందులో ఏ మతంవారికైనా వైద్యం చేశారు.

జర్మనీలో అయితే ప్రభుత్వమే ఆ పనికి దిగినది. 1933 ఏప్రిల్‌లో యూదు డాక్టర్లను సర్కారు ఆస్పత్రులనుండి తీసివేశారు. 1938 సెప్టెంబరు 30తో యూదు డాక్టర్లందరి పట్టాలూ రద్దు చేశారు. యూదు రోగులను చూడడానికి మాత్రం కొద్దిమందిని ఉండనిచ్చి, డాక్టరు అనే పేరు కూడా పెట్టుకోవద్దన్నారు. ఖాళీ అయిన కుర్చీలలో కూర్చున్నది తోటి డాక్టర్లే. అట్లా వెళ్లగొట్టబడినవారిలో కొందరు ఓడలెక్కి మన బొంబాయికి కూడా వచ్చి ఇక్కడ రోగులను చూచారు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో బోరీబందరు వరకు వెళ్లి కామా ఆస్పత్రి ముందు కాసేపు నిలిచాము. 1886 నుండి స్త్రీలకు, పిల్లలకు పేరుపొందిన ఆస్పత్రి ఇది. 1928 నుండి 1947 వరకు దీనికి పెద్దగా ఉన్నది డాక్టర్ జెరూషా ఝిరాద్. కన్నడదేశపు శివమొగ్గలో పుట్టిన మన దేశపు యూదు మహిళ. బెనె ఇజ్రాయెల్ అనే ఆ యూదులు తరతరాలుగా కొంకణ తీరంలో గానుగ ఆడించి నూనె తీసినవారు. శనివారం పని మానేవారు కనుక శనివారపు తేలీలని మరాఠీవారు పిలిచారు. ఝిరాద్ గారు లండన్‌లో ప్రసూతి వైద్యంలో ఎం.డి. పట్టా పొంది వచ్చి, బాలింతల చావులు తగ్గించడానికి జీవితమంతా పాటుపడ్డారు. 1966లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. ఆమె చేతిలో పడిన పసిబిడ్డల తల్లులు అన్ని మతాలవారు. డాక్టరమ్మది ఏ దేవుడని ఏ తల్లీ అడగలేదు.

మన దేశంలో యూదులు ఇంత నిశ్చింతగా బతికారని మనం గర్వపడవచ్చును. అయినా ఇక్కడికి ఆ ద్వేషం రానేలేదని చెప్పుకోలేము. 2008 నవంబరు 26 రాత్రి సముద్రం మీదుగా వచ్చిన హంతకులు ఈ కామా ఆస్పత్రిలోనూ చొరబడ్డారు. కొలాబాలో నారిమన్ హౌస్ అనే యూదుల విడిదిని ప్రత్యేకంగా వెదికి పట్టుకొని, పూజారిని, గర్భవతి అయిన ఆయన భార్యను, అతిథులను చంపారు. ఆ రాత్రి కామాలో నర్సులు తలుపులు బిగించి, దీపాలార్పి, కాన్పు మంచాల మీది తల్లులను కాపాడారు. నారిమన్ హౌస్‌లో ఇంటి ఆయా రెండేళ్ల పసివానిని ఎత్తుకొని బయటపడినది. మా అమ్మాయి ఈ సంగతి విని చాలాసేపు ఆ ఆస్పత్రి కిటికీల వంక చూస్తూ ఉండిపోయినది.

ఇదంతా పాత కథ అనుకొనేటందుకు వీలులేదు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద జరిగిన దాడి, ఆ తరువాత గాజాలో జరిగిన యుద్ధం వేడి దూరదేశాల ఆస్పత్రులకూ తగిలినది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో యూదు డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థులు తమను దూరం పెడుతున్నారని, మెడలోని ఆరు కోణాల నక్షత్రాన్ని చొక్కాలో దాచుకోవలసి వస్తున్నదని చెబుతున్నారు. ఒకరికొకరు తోడుగా సంఘాలు కట్టుకొంటున్నారు. ఒక ప్రభుత్వం చేసే యుద్ధాన్ని తప్పు అని చెప్పే హక్కు ఎవరికైనా ఉన్నది. గాజాలో చనిపోయిన పిల్లల కోసం కన్నీరు పెట్టుకోవడం మానవధర్మం. కాని పక్క బల్ల దగ్గర మందు చీటీ వ్రాస్తున్న యూదు డాక్టరును ఆ యుద్ధానికి జవాబు చెప్పమనడం ధర్మం కాదు. ఎక్కడో ఎవరో బాంబు పెట్టారని మన ముస్లిము నర్సును అడగడం ఎట్లా తప్పో, ఇదీ అట్లాగే తప్పు. కొలత అందరికీ ఒకటే ఉండవలెను.

ఈ మాట మన పత్రికలో వ్రాయడానికి కారణమున్నది. మన సంఘాలలో ఇప్పుడు నర్సు లేని కుటుంబం అరుదు. బొంబాయి, షోలాపూరు, బరంపురం, మద్రాసు, బెంగుళూరు, యానాం, ఎక్కడి తెలుగు కుటుంబాల పిల్లలయినా ఆస్పత్రులలో, లాబొరేటరీలలో, మందుల కంపెనీలలో ఉన్నారు. గల్ఫులోను, లండన్‌లోను, అమెరికాలోను ఉన్నారు. వారి పక్కన యూదులు పనిచేస్తూ ఉంటారు. రేపు అక్కడ ఒకరిమీద నింద పడుతుంది. అప్పుడు మన పిల్లలు ఏమి చేయవలెను?

పెద్ద పనులు చేయనక్కరలేదు. ఎవడు అని అడగకముందు ఏమి జరిగినది అని అడగాలి. తాము చూచినది తేదీతో సహా వ్రాసి ఉంచాలి. పట్టకారు కింద పడినదని చూచినవాడు ఆ మాట చెప్పాలి. చెప్పినది కాగితంలో ఎక్కినదో లేదో మళ్లీ చూడాలి. భోజనాల గదిలో ఒంటరిగా కూర్చున్నవారి పక్కన పళ్లెం పెట్టుకొని కూర్చోవాలి. ఎవరినో వెలివేయమనే కాగితం చేతికి వస్తే సంతకం చేయరాదు. నిజం చెప్పే కాగితం వస్తే మొదటి పదిమందిలో ఉండడానికి వెనుకాడరాదు. మూడు తరాలుగా పరాయి భాషల మధ్య బతుకుతున్న మనకు, పక్కవాడు మనవైపు చెప్పిన ఒక్క మాట విలువ ఎంతో వేరే ఎవరూ నేర్పనక్కరలేదు.

పరేలు వెళ్లదలచినవారు ముందుగా ఇన్‌స్టిట్యూటువారిని అడిగి వెళ్లగలరు. పిల్లలను తప్పక తీసుకొని వెళ్లండి. పాములను, సూక్ష్మదర్శినులను చూచి వారు సంతోషిస్తారు. ముల్కోవాల్ సంగతి మాత్రం పెద్దలే చెప్పవలెను. ఆ పదిమంది సంతకాలు పడడానికి దాదాపు అయిదేళ్లు పట్టినదని, అప్పటికి నలభై ఏడేళ్ల మనిషికి తాను పెంచిన ప్రయోగశాల తిరిగి దక్కలేదని కూడా చెప్పండి. మేలు మాట చెప్పడమే కాదు, వేళకు చెప్పడం కూడా వారికి అలవడాలి.